రెండు వారాల టీచరమ్మ

మా ఆడపడుచు కూతురు కాలిఫోర్నియాలో పుట్టి పెరిగింది. అక్కడ వేసవి సెలవులని జులైలో మా లంక ఊరికొచ్చి, "అత్తా, రెండు వారాలు ఇక్కడి బడిలో వాలంటీరుగా ఇంగ్లీషు చెబుతా" అంది. మన పిల్లే గానీ, దానికిది పరాయి దేశమే కదండీ!

పిల్లలు దాన్ని వదల్లేదు. బడి అయ్యాక కాలవగట్టు వెంట మా గుమ్మం దాకా వచ్చేవారు. ఫొటోలు చూసి మేమూ మురిసిపోయాం. అది విమానం ఎక్కిన రెండో రోజున మూడో తరగతి పిల్ల ఒకత్తి వచ్చి, "అమెరికా అక్క లేదాండి? ఏనుగు కథ సగమే చెప్పిందండి" అంది. ఫోన్ చేస్తే మా పిల్ల "ఏ కథ అత్తా?" అంది. ప్రాణం ఉసూరుమంది నాకు.

రావద్దనను. కానీ ఏం కావాలో ముందు టీచరుగారిని అడగాలి. పిల్లలు ఇంగ్లీషు పాఠం గడగడా చదివేస్తున్నారట, అర్థమే తెలీదట. దానికి వారం వారం వచ్చే మనిషి కావాలన్నారావిడ. మనమేమో రంగు పెన్సిళ్లు పంచాం!

బడి భోజనానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మా కోనసీమ ఆవిడే, లంకల గన్నవరం. అంతర్వేది తీర్థానికి బయల్దేరి, పెళ్లివారు ఆకలితో తమ ఇంటికే వస్తున్నారని తెలిసి దారిలోంచే వెనక్కి తిరిగారని చెప్పుకుంటారు. ఆవిడ పొయ్యి రెండు వారాలకి ఆరిపోలేదు మరి.

మా పిల్లకి చెప్పేశాను. అక్కడ శుక్రవారం రాత్రి 9 అయితే మాకు శనివారం పొద్దున్న 9.30, బడి వేళే. వారానికో అరగంట వీడియోలో కనబడమన్నాను. సరేనంది. ముందు ఆ ఏనుగు సంగతి తేల్చాలి.