పూలదండకు ముందు పరీక్ష

స్వాతంత్ర్యదినోత్సవమున పఠనాలయములో ప్రదర్శింపవలెనని మిత్రుడొకడు ఇటీవల ఒక పాత పిస్తోలును మాయొద్దకు తెచ్చెను. నగరమున నొక పురాతన వస్తువుల దుకాణమున దానిని కొనెనట. చెకుముకిరాతి పిస్తోలు, పిడికి బరువైన ఇత్తడి తొడుగు, వ్రేలాడు చీటిమీద "1857 వీరుని ఆయుధము" అను మాట. ఏ వీరుడు? ఏ యూరు? ఏ పటాలము? చీటి చెప్పదు. మేము సందేహము తెలుపగా సభ్యులలో కొందరు, "వీరుల వస్తువునకు సాక్ష్యమడుగుట దేశభక్తియా?" అని మమ్ము గద్దించిరి. ఆ ప్రశ్నకు బహిరంగముగనే సమాధానము చెప్పుట మా విధి.

మొదట వస్తువునే విచారింతము. దాని ఇనుపపలకమీద కిరీటము, "టవర్" అను అక్షరములు గలవు. అది లండను టవరునకు, అనగా ఇంగ్లండు రాజు ఆయుధశాలకు, చెందిన గుర్తు. ఆ పలకమీదనే కిరీటము పట్టి నిలిచిన సింహము గూడ గలదు. ఇది తూర్పు ఇండియా కుంపిణీ 1808 ప్రాంతమునుండి తన ఆయుధములపై వేసికొనిన గుర్తు. అంతకుముందు దానిది హృదయాకారపు ముద్ర. రాజు సేనకు, కుంపిణీ సేనకు ఆయుధములు వేరు, లెక్కలు వేరు. ఇద్దరు యజమానుల గుర్తులును ఒకే పలకపై కలిసి కనబడినప్పుడు, ఇద్దరికిని చెందని మూడవవాడెవడో వానిని చెక్కెనని యనుమానింపవలదా?

ఇంకను గలదు. కుంపిణీ సేన 1840 దశాబ్దమునుండి చెకుముకిని విడిచి క్యాపు పద్ధతికి మారజొచ్చెను. 1857లో తిరుగబడిన ప్రజలు చేతికందిన పాత చెకుముకి ఆయుధములను వాడియుండవచ్చును, కాదనము. కాని ఆయుధము పాతదగుట వేరు, ఆ సమరమున వాడబడుట వేరు. మొదటిది ఇనుమును చూచి కొంత తెలిసికొనవచ్చును. రెండవది ఇనుము చెప్పలేదు, కాగితము చెప్పవలెను.

ఆ మొదటి పరీక్షయందైనను ఈ పిస్తోలు నిలిచెనా? గొట్టములో పాతమందు లేదని నిశ్చయించుకొని రంజకపు రంధ్రములో సన్నని తీగను దూర్చితిమి. అది లోనికి పోలేదు. మురికి పట్టెనేమో యని శుభ్రముచేసి చూచితిమి. రంధ్రము లోపలివరకు తొలువబడనేలేదు! రంజకము వెలిగినను నిప్పు మందును చేరదు. ఇది పుట్టినది మొదలు ఒక్కసారియైన ప్రేలని పిస్తోలు. ఉక్కు అచ్చుతో కొట్టిన ముద్ర అంచులు తీరుగా నుండును; దీని ముద్రలు పోతపోసినట్లు మొద్దుబారియున్నవి. మరచుట్లన్నియు నేటి యంత్రమునకు పుట్టినట్లు ఒకే తీరుననున్నవి. చెకుముకి తాకి తాకి అరుగవలసిన ఉక్కురేకుపై గీతయైన లేదు. కొయ్యపై మాత్రము బూటుపాలిషువంటి నలుపు దట్టముగా నున్నది. వీరుని నెత్తురని మనము కన్నులకద్దుకొనినది బూటుపాలిషు!

"అయినను నమ్మకముతో పూజించిన దోషమేమి?" అని యడుగుదురు. దోషము గలదు. నకిలీ ఆయుధమునకు ఆరతిపట్టిన చేయి, రేపు నిజమైన ఆయుధము వచ్చినప్పుడు దానిని గుర్తింపజాలదు. మన కల్లను ఒకటి బయటపెట్టినవాడు, మన నిజములు నూటిని గూడ కల్లలనుటకు సాహసించును. వీరుల కీర్తికి నిజమైన శత్రువు సందేహించువాడు కాడు. చీటి వ్రాసి అమ్మువాడు.

సాక్ష్యము వీరులను తగ్గించునను భయము వలదు. భగత్‌సింగు పిస్తోలు కథను చూడుడు. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సు వధ జరిగెను. ఆ కేసులో చేరిన .32 కోల్టు పిస్తోలు ఫిల్లౌరు పోలీసు శిక్షణాలయమునుండి ఇండోరులోని సరిహద్దు భద్రతాదళపు ప్రదర్శనశాలకు చేరి, నల్లరంగు పూతక్రింద, ఎవరిదో తెలియక, ఏండ్లతరబడి పడియుండెను. 2016లో ఆ పూత తొలగింపగా 168896 అను సంఖ్య బయటపడెను. న్యాయస్థానపు కాగితములలోని సంఖ్యతో అది సరిపోయెను. తరువాత ఆ పిస్తోలు హుస్సేనీవాలా ప్రదర్శనశాలకు చేరెను. పూలదండ కాదు, ఆరు అంకెలు ఆ ఆయుధమును జాతికి తిరిగి యిచ్చినవి.

న్యాయవాదవృత్తిలో మేము నిత్యము చూచు సూత్రమొకటి గలదు. ముప్పదియేండ్ల పాతపత్రము సరియైన స్వాధీనమునుండి వచ్చినప్పుడే న్యాయస్థానము దానిని నమ్మదగినదిగా ఊహింపవచ్చును. 1872 సాక్ష్యచట్టమున నుండిన ఈ సూత్రము 2024లో దాని స్థానమున వచ్చిన శాసనమునందును నిలిచియున్నది. ఎకరము పొలమునకు కావలసిన జాగ్రత్త జాతిచరిత్రకు అక్కరలేదా? ఒక వస్తువు పురావస్తువా కాదా యను వివాదము పుట్టినచో, దానిని తీర్చు అధికారమును 1972 నాటి పురావస్తు చట్టము భారత పురావస్తుశాఖ డైరెక్టరు జనరలునకును, ఆయన నియమించిన అధికారికిని ఇచ్చినది. మార్గమున్నది, నడచుటకు మనకు మనసు కావలెను.

మన అల్లూరి సీతారామరాజునే తలచుకొనుడు. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు గైకొనినప్పుడు, తీసికొన్న ఆయుధముల వివరమును అక్కడి పుస్తకములో వ్రాసి సంతకము చేసెనని చరిత్రకారులు చెప్పుదురు. పగవాని ఠాణాలో సయితము లెక్క తప్పని మహావీరుని సంతతివారము మనము. చీటిని చూచి చేతులు జోడింతుమా?

కావున పఠనాలయ సభ్యులకు మా మనవి. ఆ పిస్తోలును బల్లపైనుండి తీసివేయవలదు. దండను మాత్రము తీయుడు. పాత చీటిని తొలగించి, "ఇది నకిలీ, ఇట్లు తెలిసికొంటిమి" అని పరీక్షలన్నియు వరుసగా వ్రాసియుంచుడు. చూడవచ్చు బాలురు ఆ తీగను తామే దూర్చి చూతురుగాక! నిజమైన ఆయుధము మన గుమ్మము త్రొక్కిననాడు దానిని పోల్చుకొనగల కన్నులు అప్పటికి వారికి సిద్ధముగా నుండును.