తివాచీపై పడే తొలి జల్లు

మగ్గం దిగిన సరుకు కొన్నవారి ఇంటికి చేరగానే మన పని తీరినదని మనలో అనేకుల అభిప్రాయం. చీర విషయంలో ఇది కొంతవరకు చెల్లవచ్చును. చీర ఉతుకుట ఇల్లాలికి తెలిసిన పని. కాని జంపఖానాలు, తివాచీల సంగతి వేరు. ఇవి హోటళ్ళకు, కల్యాణ మండపాలకు, ఆఫీసులకు పోవుచున్నవి. అక్కడ వీటిని శుభ్రపరచువారు కాంట్రాక్టు మనుషులు. వారి చేతి డబ్బా నుండి పడే తొలి జల్లుతోనే మన సరుకుకు మేలో కీడో జరుగుచున్నది. కనుక ఆ జల్లును గురించి నేతగాడే ఒక మాట చెప్పి తీరవలెనని నా వాదన.

ఈ జల్లును వారు ప్రీ-స్ప్రే అందురు. కడుగుటకు ముందు, పట్టిన జిడ్డును వదులు చేయుటకు చల్లే సబ్బు మందు ఇది. నైలాను వంటి కృత్రిమ తివాచీలకై అమ్మే మందులలో క్షారం ఘాటుగా ఉండును; పి.హెచ్. 10 దాటినవి కూడ కలవు. మన సరుకు నైలాను కాదు. వరంగల్లులో మన బంధువులు నేయు దర్రీలు నూలువి. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఏలూరు తివాచీలు ఉన్నివి. ఈ రెంటికీ ఒకే మందు పనికిరాదు.

ఉన్నికి పి.హెచ్. 8.5 దాటని మెత్తని మందు, గోరువెచ్చని నీరు చాలును. ఘాటైన క్షారం ఉన్నిపోగును బిరుసు చేసి, రంగును కదిలించును. క్లోరిన్ బ్లీచింగు ఉన్నిని తినివేయును. నూలు క్షారానికి కొంత ఓర్చును గాని, అద్దకం పక్కాది కానిచో రంగు పక్క చారలోనికి పాకును. నూలు ఎక్కువ తడిసి మెల్లగా ఆరినచో గోధుమ రంగు మరకలు పైకి తేలును.

చల్లుటలోనూ ఒక వరుస ఉన్నది. మొదట పొడి దుమ్మును యంత్రంతో పీల్చవలెను. లేనిచో మందు తగిలి దుమ్ము బురద యగును. తరువాత తడిపిన తెల్లగుడ్డను ఒక మూల అదిమి, రంగు అంటునో లేదో చూడవలెను. పంపు డబ్బాకు విసనకర్రవలె పరచుకొను ముక్కు ఉండవలెను. సూటిధార పడినచోట మచ్చ నిలుచును. గది లోపలి మూలనుండి గుమ్మం వైపునకు వెనుకకు నడచుచు, ఒక పట్టె అంచు మీదుగా మరొక పట్టె పడునట్లు పలుచగా చల్లవలెను. పది నిమిషములు నాననిచ్చి, మెత్తని కుంచెతో రుద్ది, మంచినీటితో మందును పూర్తిగా తీసివేయవలెను. మందు ఎన్నడూ తివాచీపై ఎండరాదు. అందుచేత ఒక్కసారికి కడుగగలిగినంత మేరకే చల్లవలెను. పంటలకు పురుగుమందు కొట్టిన డబ్బాను ఈ పనికి ముట్టనే కూడదు.

గత సంవత్సరం ఒక కల్యాణ మండపం వారు మా సంఘం సరఫరా చేసిన ఆరు జంపఖానాలను తిప్పి పంపి, రంగు దిగినదని బిల్లులో డబ్బు పట్టుకొనిరి. చూడగా అంచుమడతలో రంగు చెక్కుచెదరలేదు; నడుమ మాత్రం మచ్చలు మచ్చలుగా వెలిసినది. హాలంతటా ఒకేసారి మందు చల్లి, భోజనానికి పోయి, ఎండిన తరువాత వచ్చితిమని కడిగినవారే ఒప్పుకొనిరి. అయినను నష్టం సంఘానికే వచ్చినది. ఆ మేరకు సభ్యుల బోనసు తగ్గినది. ఎవరి చేతి పనికి ఎవరి కూలి పోయినదో సభ్యులే ఆలోచించవలెను.

“నేయుట మా పని, కడుగుట వారి పని” అని కొందరు పెద్దలు అనుచున్నారు. కాని సరుకు తిరిగి వచ్చినప్పుడు ఆ మాట వినువారు లేరు. జాగ్రత్తలు వ్రాసి ఇచ్చినచో సరుకు నాసిరకమని అనుమానింతురని మరికొందరి భయం. రెడీమేడ్ చొక్కాలకు ఉతికే విధం చెప్పు చీటీ కుట్టియే అమ్ముచున్నారు. అందువలన ఆ చొక్కాలు పలుచనైనవని ఎవరూ అనలేదు.

కావున ప్రతి జంపఖానాకు, తివాచీకి వెనుకవైపు ఒక గుడ్డచీటీ కుట్టవలెను. అందులో నాలుగు ముక్కలు చాలును: ఇది నూలో ఉన్నియో, ఏ రంగు వేసితిమి, ఎట్టి మందు చల్లవచ్చును, ఏది కూడదు. చీటీ తెలుగులో మాత్రమే ఉన్నచో ప్రయోజనం లేదు. షోలాపూరులో మరాఠీ, బరంపురంలో ఒడియా, బళ్ళారిలో కన్నడం, సేలంలో తమిళం, ఇట్లు కడుగువాడు చదువగల భాషలో ఉండవలెను.

అయితే ఈ చీటీ మనలను కూడ కట్టివేయును. రంగు పక్కా అని వ్రాయవలెనన్నచో, ఏ రంగు వేసినదీ తెలియని నూలును సంఘం సభ్యులకు ఇవ్వరాదు. ప్రతి అద్దకపు వాయినుండి ఒక చిలుపను తడిపి, తెల్లగుడ్డపై అదిమి చూచిన తరువాతనే మగ్గానికి పంపవలెను. దీనికి కొంత కాలం, కొంత ఖర్చు తప్పవు. ఆరు జంపఖానాలు తిరిగి వచ్చిన నష్టంతో పోల్చిన అది స్వల్పమే.

రాబోవు సర్వసభ్య సమావేశంలో ప్రతి సంఘం ఈ విషయమై తీర్మానం చేయవలెనని నా మనవి.