మతం వదిలినవాడికి మనం ఏమిచ్చాం?

పోయిన ఏడాది మా సంఘం నెలవారీ సమావేశానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఆరో, ఇరవై ఏడో ఉంటాయి. ఊరూ పేరూ చెప్పను. కట్టుదిట్టమైన ఒక ప్రార్థన సంఘంలో పుట్టి పెరిగి, కొన్ని నెలల కిందటే బయటికి వచ్చేశాడు. "దేవుడు లేడని నాకు తెలుసండీ. అయినా రాత్రిపూట ఉరిమితే చెమటలు పడుతున్నాయి. ఏం చెయ్యాలి?" అని అడిగాడు. మాలో ఒక పెద్దాయన నవ్వి, "లేడని తెలిస్తే భయం ఎందుకు బాబూ? నీకింకా పూర్తిగా తెలియలేదన్నమాట, పుస్తకాలు చదువు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు. పాత సంఘానికే వెళ్ళి, అందరి ముందూ మోకరించి క్షమాపణ చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

మిత్రులారా, అతన్ని మనమే వెనక్కి పంపాం. ఈ మాటకి మీకు కోపం వస్తే రానివ్వండి. అందరికంటే నేను ఎక్కువ సిగ్గుపడాలి. ఎందుకో చెబుతాను.

మా నాన్న 1960లలో శ్రీకాకుళం తీరం నుంచి చేపల పని వెతుక్కుంటూ పోర్ట్ బ్లెయిర్ వచ్చాడు. (2024లో ఈ ఊరికి శ్రీ విజయ పురం అని పేరు మార్చారు. నా పెన్షన్ కాగితాల్లో పాత పేరే ఉంది, నా నోట్లోనూ అదే.) మా ఇంటిల్లిపాదీ ఒక చిన్న తెలుగు ప్రార్థన సంఘంలో ఉండేవాళ్ళం. సినిమా కూడదు, రేడియో పాటలు కూడదు, ఆడవాళ్ళకి పువ్వులూ నగలూ కూడదు, జ్వరం వస్తే ముందు ప్రార్థన తర్వాతే మాత్ర. అన్నిటికంటే పెద్దది "రాకడ". ఏ క్షణాన్నయినా ప్రభువు వస్తాడు, నమ్మినవాళ్ళు ఎత్తబడతారు, తక్కినవాళ్ళు విడవబడతారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు బడి నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, అమ్మ లేదు. అందర్నీ తీసుకుపోయి నన్నొక్కణ్ణే వదిలేశాడని గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. అమ్మ పక్కింటికి పప్పు బదులు తేవడానికి వెళ్ళి, అక్కడ కబుర్లలో పడింది. అరగంటలో వచ్చేసింది. ఆ అరగంట మాత్రం నన్ను వదల్లేదు.

బీకాం చదివి రక్షణ శాఖ అకౌంట్స్‌లో చేరాను. జీతంలో పదోవంతు పద్దెనిమిదేళ్ళు సంఘానికి ఇచ్చాను, రసీదు అడగలేదు. అకౌంట్స్ మనిషినై ఉండి! 1999లో మా అబ్బాయికి హెర్నియా ఆపరేషన్ కోసం జీపీఎఫ్ అడ్వాన్సు తీసుకున్నాను. ప్రార్థన మీద నమ్మకం లేక డాక్టరు దగ్గరికి పరిగెత్తానని సంఘపెద్దలు ఆదివారం ఆరాధనలో నన్ను నిలబెట్టి అడిగారు. ఆ రోజు బయటికి నడిచినవాణ్ణి మళ్ళీ వెళ్ళలేదు. మరుసటి వారం నుంచి బజారులో ఎదురైనా వందనం చెప్పే మనిషి లేడు. అమ్మ మా ఇంటికి వచ్చేది, మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

తర్వాత గోరా, రావిపూడి వెంకటాద్రి, కోవూర్ చదివాను. ప్రశ్నలన్నీ తీరాయి. భయం కూడా తీరిందనుకున్నాను.

2004 డిసెంబరు 26. అది ఆదివారం. ఉదయం ఆరున్నరకి భూమి ఊగింది. అంత ఊపు అంతకుముందు ఎరగం. భార్యాబిడ్డల్ని బయటికి లాగాల్సిన మనిషిని, మంచం పక్కన మోకాళ్ళ మీద పడి "ప్రభువా, నన్ను విడవకు" అని అరిచాను. మా ఆవిడే నా చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది. ఆ తర్వాత సముద్రం వచ్చింది. కార్ నికోబార్ వైమానిక స్థావరంలోనే వంద మందికి పైగా పోయారు. మా వైపు సిప్పీఘాట్ పొలాలు నీళ్ళలో ఉండిపోయాయి.

ఈ సంగతి ఇద్దరికి చెప్పాను. పాత సంఘంలోని మా బంధువు, "చూశావా, ఆపద వస్తే నీ మోకాళ్ళకే దేవుడు గుర్తొచ్చాడు" అన్నాడు. ఒక హేతువాద మిత్రుడు, "నువ్వూ ఒక హేతువాదివేనా?" అన్నాడు. ఇద్దరిదీ ఒకటే వాదమని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నా భయాన్ని ఇద్దరూ దేవుడి గురించిన సాక్ష్యంగానే తీసుకున్నారు. ఒకాయనకి అది దేవుడు ఉన్నాడనడానికి రుజువు, ఇంకొకాయనకి నేనింకా నమ్ముతున్నాననడానికి రుజువు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఏం నేర్పారో దానికి మాత్రమే అది రుజువని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మనం సైన్సు అంటాం కదా, సైన్సే చూద్దాం. 1924లో లెనిన్‌గ్రాడ్‌లో వరద వచ్చినప్పుడు పావ్లోవ్ కుక్కలు బోనుల్లో మునిగిపోబోయి చివరి నిమిషంలో బతికాయి. కొన్నిటికి అంతకుముందు నేర్పిన అలవాట్లు చెదిరిపోయాయి. మెల్లగా కోలుకున్న ఒక కుక్క గదిలోకి తలుపు కింద నుంచి కాసిని నీళ్ళు పారనిచ్చారు. అంతే, మళ్ళీ మొదటికొచ్చింది. ఆ కుక్కకి "వరద పోయింది, తర్కంగా ఆలోచించు" అని పుస్తకం ఇస్తామా?

సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ నుంచి డాక్టర్లు మా దీవులకి వచ్చారు. శిబిరాల్లో కూర్చుని జనం చెప్పేది విన్నారు. ఇక్కడి టీచర్లకి కూడా వినడం ఎలాగో నేర్పారు. "అల వెళ్ళిపోయింది కదా, ఇంకా వణుకెందుకు?" అని ఏ డాక్టరూ నవ్వలేదు. సముద్రానికి భయపడ్డవాడికి ఉన్న మర్యాద, నరకానికి భయపడ్డవాడికి మన సంఘాల్లో ఎందుకు లేదు? సముద్రం ఉంది, నరకం లేదు అంటారా? వణికే ఒంటికి ఆ తేడా తెలియదు.

మిషనరీల ఇంట పుట్టి ఆ మతం నుంచి బయటికి వచ్చిన అమెరికా మనస్తత్వవేత్త మార్లిన్ వినెల్, ఇలాంటివాళ్ళ గురించి 1993లోనే పుస్తకం రాసింది. ఈ బాధకి 2011లో "రిలిజియస్ ట్రామా సిండ్రోమ్" అని పేరు పెట్టింది. వైద్యుల అధికారిక జాబితాల్లో ఇదొక జబ్బుగా లేదు, ఆ మాట కూడా చెప్పాలి. జాబితాలో లేనంత మాత్రాన నిద్రపట్టనివాడికి నిద్ర పట్టదు కదా.

భయం ఒక్కటే కూడా కాదు. పోయినవాటి లెక్క ఎవరు వేస్తారు? మా అమ్మ పోయినప్పుడు సంఘంవాళ్ళే పాటలు పాడారు. నేను వెనక వరసలో నిలబడ్డాను. ప్రతి పాటా వచ్చు. నా పెదాలు కదిలాయి. ఇది రాస్తే మన మిత్రులు కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. చిట్లించనివ్వండి. ఆ పాటలు నాకు నేర్పింది మా అమ్మ.

ఇదంతా చదివి "చూశారా క్రైస్తవులు!" అని సంబరపడే వాళ్ళకి ఒక మాట. మీ బాబాల ఆశ్రమాల నుంచి బయటికి వచ్చినవాళ్ళూ నాకు ఇదే కథ చెప్పారు, పేర్లే తేడా. ఒక మతంలోంచి ఇంకో మతంలోకి తెచ్చుకోవడం బదిలీ. అక్కడ కొత్త ఆఫీసు, కొత్త అధికారి, కొత్త భయం సిద్ధంగా ఉంటాయి. నేను మాట్లాడేది ఉద్యోగమే మానేసినవాడి గురించి.

గోరాని ఊరికే పొగడటం మనకి అలవాటు. ఆయన జంధ్యం వేసుకోనన్నందుకు తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నాడు. భార్య సరస్వతి ఆయన వెంటే నడిచింది. 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు. ఆ కేంద్రం ఇన్నేళ్ళు నిలబడింది ఉపన్యాసాల వల్లేనా? అక్కడ మనుషులు కాపురాలు చేశారు, కులం చూడకుండా ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తిన్నారు. కులం వెలివేసినవాడికి అక్కడ వంటిల్లు ఉంది. మనం మాత్రం ఆయన వాదన తీసుకుని వంటిల్లు వదిలేశాం. మన సమావేశంలో రెండు గంటలు మాట్లాడి, బిస్కట్ తిని ఇళ్ళకి పోతాం. కుటుంబం వదిలేసినవాడు పండక్కి ఎక్కడ తింటాడని ఎవరం అడగం.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళమని చెప్పడానికి కూడా మనకి మొహమాటం, హేతువాదికి పిచ్చి అంటారేమోనని! 2022 నుంచి ప్రభుత్వ టెలి-మానస్ ఉంది. 14416కి చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు మన కరపత్రాల్లో ఎందుకు ఉండదు?

నా మటుకు నాకు, భయం పోయిందని చెప్పను. భూమి కాస్త కదిలితే ఇప్పటికీ మోకాళ్ళు వదులవుతాయి. కదిలినంతసేపు మా ఆవిడ చెయ్యి పట్టుకుంటాను, అది అయిపోతుంది. దీనికి ఇప్పుడు సిగ్గుపడటం మానేశాను.

ఆ కుర్రాడి ఫోన్ నంబరు సంపాదించి పోయిన నెల మాట్లాడాను. వాదించలేదు. సంఘంలో ఉన్నా సరే, లేకపోయినా సరే, మా ఇంటికి రమ్మన్నాను. ఆదివారం పదింటికి, అందరూ ఆరాధనలో ఉండే వేళకి, నాకు తోచదు, తోడు కావాలని చెప్పాను. కాసేపు ఊరుకుని, "మీక్కూడానా అండీ?" అన్నాడు.

ఇంకా రాలేదు. ఆదివారాలు టీకి పాలు కొంచెం ఎక్కువే తెప్పిస్తున్నాను.