సివరపల్లిని యాసతో తూచకండి

2025 జనవరి 24న అమెజాన్ ప్రైమ్‌లో 'సివరపల్లి' వెబ్ సీరియల్ వచ్చిన దగ్గర్నుంచి నల్లగొండలో అడిగినా, పాలమూరులో అడిగినా రెండే తీర్పులు వినిపిస్తున్నాయి. హిందీ సీరియల్ 'పంచాయత్'ను మక్కీకి మక్కీ దించారు, పైగా ఆ యాస మనది కాదు, చూడక్కర్లేదు అనేది ఒకటి. అచ్చం మన ఊరే, మన పంచాయతీ ఆఫీసే అనేది రెండోది. తిట్టినవాళ్లూ మెచ్చినవాళ్లూ ఇద్దరూ పొరబడ్డారు.

ముందు యాస సంగతి. 'మనది' అంటే ఎవరిది? కోదాడ, హుజూర్‌నగర్ వాళ్ల మాటలో ఏటి అవతలి గాలి తగులుతుంది. దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో ఇంట్లో లంబాడీ, సంతలో తెలుగు. గద్వాల, అలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లా తాలూకాలు. కొడంగల్ గుల్బర్గాది. నారాయణపేట బజారులో కన్నడం కూడా నడుస్తుంది. ఇన్ని మాటల మధ్య నిలబడి ఒక సీరియల్‌కు 'ఇది తెలంగాణ యాస కాదు' అని ముద్ర కొట్టే అధికారం ఎవరికి ఉంది? మురళీధర్ గౌడ్ 'డీజే టిల్లు'లోనూ 'బలగం'లోనూ మాట్లాడితే ఏ మండలం యాస అని ఎవరూ నిలదీయలేదు. 2001లో జెమినీ టీవీలో 'అమృతం' సీరియల్ మొదలైతే అందులోని అంజిది ఏ జిల్లా అని అడిగిన ప్రేక్షకుడు లేడు. ఈ పరీక్ష తెలంగాణ పల్లె తెర మీదికి వచ్చినప్పుడే ఎందుకు?

దానికి కారణం లేకపోలేదు. మన మాటను దశాబ్దాల పాటు రౌడీకీ, పక్కన ఉండే జోకరుకీ కట్టబెట్టిన సినిమాలు చూసి చూసి మనసు పుండైంది. ఆ కోపం న్యాయమే. కానీ అది ఇక్కడ చూపించాల్సింది కాదు. సివరపల్లిలో నవ్వు మాట తీరులోంచి రాదు, మనుషుల మొండితనంలోంచి వస్తుంది.

ఇక నకలు సంగతి. ఔను, నకలే. హిందీదీ తెలుగుదీ రెండూ టీవీఎఫ్ అనే నిర్మాణ సంస్థ తీసినవే, దాచిందేమీ లేదు. అంతమాత్రాన పంచాయతీ ఆఫీసు కథ ఉత్తరాది సరుకు, మనకు అతకదు అనడం చరిత్ర తెలియని మాట. రాజస్థాన్‌లోని నాగౌర్‌లో 1959 అక్టోబరు 2న పంచాయతీరాజ్ మొదలైతే, అదే నెలలో నెహ్రూ మన షాద్‌నగర్‌కు వచ్చి ఇక్కడా ప్రారంభించారు. షాద్‌నగర్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఈ కథ మీద మనకున్న హక్కు, 'పంచాయత్' కథ జరిగే బలియా జిల్లా ఊరు ఫులేరాకున్న దానికన్నా తక్కువేం కాదు.

అసలు లోపం వేరే చోట ఉంది. 'అచ్చం మన ఊరే' అన్నవాళ్లు పట్టించుకోనిది అదే. సీరియల్ వచ్చిన రోజున తెలంగాణలో ఏ ఊళ్లోనూ సర్పంచి లేడు! 2024 ఫిబ్రవరి 1తో అందరి పదవీకాలం ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్లు ఊళ్లను నడిపింది స్పెషల్ ఆఫీసర్లు. మాజీ సర్పంచులేమో చేసిన పనులకు బిల్లులు రాక హైదరాబాద్ వెళ్లి ఆందోళన చేసి అరెస్టయ్యారు. అప్పు తెచ్చి సీసీ రోడ్డు వేయించి, వడ్డీ కట్టుకుంటూ, పదవి పోయాక అదే ఆఫీసు గడప దగ్గర నిలబడ్డ మనిషి కన్నా గొప్ప పాత్ర ఏ రచయితకు దొరుకుతుంది? ఆ పాత్ర ఈ సీరియల్‌లో లేదు.

సెక్రటరీ సంగతీ అంతే. ఫులేరా సెక్రటరీకి పొద్దూకాక ఎంబీఏ ప్రవేశపరీక్షకు చదువుకునే తీరిక ఉంది. మన దగ్గర 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు వేశారు. మరుసటేడు చేరినప్పుడు వాళ్లకు ఇచ్చింది నెలకు 15 వేలు. పొద్దున్నే ట్రాక్టరు పక్కన నిలబడి చెత్త బండి ఫొటో తీయాలి, సిగ్నల్ దొరికే మూల వెతుక్కుని పంపాలి. ఆ తర్వాత నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పన్ను వసూలు. ఇవి కాక నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టమే రాసిపెట్టింది, బతక్కపోతే సర్పంచికీ కార్యదర్శికీ పదవీగండం. ఎండాకాలంలో మర్రిగూడ దిక్కు ఆ లెక్క చెప్పమంటే అదొక్కటే రెండు ఎపిసోడ్ల హాస్యం. (చట్టమే జోకు రాసిచ్చాక రచయిత వాడుకోకపోవడం నాకు వింత.)

పాలమూరు సంగతి మరీ అన్యాయం. సర్పంచి ఎన్నికలొస్తే ముంబై, పుణెల్లో కూలికి పోయిన ఓటర్ల కోసం అభ్యర్థులు బండ్లు పంపే ప్రాంతమిది. ఆ ప్రయాణం ఫులేరాలో లేదు గనుక సివరపల్లిలోకీ రాలేదు.

న్యాయంగా ఒక్కటి ఒప్పుకోవాలి. భార్య సర్పంచి, కుర్చీలో భర్త అనే ముడి మాత్రం మన నేలకు పూర్తిగా సరిపోయింది. సగం స్థానాలు ఆడవాళ్లకు కేటాయించినా 'సర్పంచి సాబ్' అని ఊరు పిలిచేది మొగుణ్ణే. రూపాలక్ష్మి, మురళీధర్ గౌడ్ మధ్య ఆ నాటకం చూడటానికైనా సీరియల్ చూడొచ్చు.

రెండో సీజన్ తీస్తే రచయితలు చందంపేట మండలంలోనో, కోస్గి దగ్గరో ఒక పంచాయతీ ఆఫీసులో వారం రోజులు కూర్చోవాలి. ప్రేక్షకులకు నా విన్నపం ఒక్కటే: అప్పుడు కూడా యాస దగ్గరే ఆగిపోకండి, పాత సర్పంచి బిల్లు ఏమైందో అడగండి.