కాంతి పడినంతసేపే ఉండే పదార్థం

ఈ సంచిక ముఖచిత్ర వ్యాసం వెలుతురు గురించి. వస్తువును చూపించే వెలుతురు కాదు, దాని గుణాన్నే మార్చేసే వెలుతురు.

స్ఫటికంలో పరమాణువుల వరస మళ్లీ మళ్లీ ఒకేలా వస్తుంది కాబట్టే ఎలక్ట్రాన్ల శక్తి పట్టీలుగా ఏర్పడుతుంది. తీవ్రమైన లేజర్ కాంతి దానికి కాలంలో కూడా ఒక ఆవృత్తిని జోడిస్తుంది. అప్పుడు ప్రతి పట్టీకీ పైనా కిందా నకళ్లు పుడతాయి. వాటి మధ్య ఎడం సరిగ్గా ఒక్క ఫోటాన్ శక్తి! ఇందుకు కావలసిన గణితాన్ని ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ఫ్లోకే 1883లోనే రాసిపెట్టాడు.

ఆ నకళ్లు కంటపడింది 2013లో. ఎం.ఐ.టి.లో నూహ్ గెడిక్ బృందం బిస్మత్ సెలినైడ్ స్ఫటికంపై పరారుణ లేజర్ స్పందనను (పల్స్‌ను) పంపింది. అది పడుతుండగానే అతినీలలోహిత స్పందనతో ఎలక్ట్రాన్లను బయటికి రాబట్టి, అవి ఏ శక్తితో, ఏ కోణంలో వస్తున్నాయో కొలిచింది. కాంతిని వృత్తాకారంగా ధ్రువీకరిస్తే, పట్టీలు కలిసే చోట ఖాళీ తెరుచుకుంది. ఒక్క పరమాణువునూ మార్చకుండా ఇంత మార్పు! నన్ను కట్టిపడేసింది ఇదే.

హాంబర్గ్ శాస్త్రజ్ఞులు 2020లో ప్రచురించిన గ్రాఫీన్ ప్రయోగంలో ఇలాంటి వృత్తాకార కాంతే పడగా, అయస్కాంతం లేకుండానే విద్యుత్తు అడ్డంగా ప్రవహించింది. కాంతి తిరిగే దిశ మారిస్తే ప్రవాహమూ తిరగబడింది.

అసలు చిక్కు వేడి. అంత తీవ్రమైన కాంతికి స్ఫటికం తట్టుకోవాలి. అందుకే స్పందన సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా ఉండదు. ఆ వ్యవధిని పెంచే దారులేమిటో లోపలి వ్యాసం వివరంగా చర్చిస్తుంది. భౌతికశాస్త్రం చదువుతున్న పిల్లలుంటే వాళ్ల చేత తప్పక చదివించండి.

– సంపాదకుడు