గది చిన్నది, స్పీకర్లు పెద్దవి

మా నాన్నకి ఇళయరాజా పాటలంటే ప్రాణం. నేను పుట్టకముందు కొన్న టవర్ స్పీకర్లలో వూఫర్ చుట్టూ ఉండే ఫోమ్ ఈ ఏడాది పొడిపొడిగా రాలిపోయింది. "ఈసారి ఇంకా పెద్దవి కొందాంరా" అన్నారు. నేను వద్దన్నాను.

మా గది 10 అడుగులకి 12. సెకనుకి 343 మీటర్లు వెళ్ళే శబ్దం ఎదురెదురు గోడల మధ్య తిరిగి తిరిగి, సుమారు 47, 56 హెర్ట్జ్ దగ్గర బేస్‌ని ఉబ్బిస్తుంది. పెద్ద వూఫర్‌ని గోడకి ఆనించి పెడితే ఆ మోత ఇంకా ఎక్కువ. ఇళయరాజా గారి బేస్ గిటార్‌లో ఏ స్వరానికి ఆ స్వరం వినపడాలి కదా, అన్నీ కలిసి ఒకటే 'బుమ్' అయిపోతాయి.

అందుకే నా ఓటు ఐదారు అంగుళాల వూఫర్లున్న సన్నటి టవర్లకే. వాటినీ గోడకి రెండడుగులైనా ఇవతల పెట్టాలి. షోరూమ్‌లోని పెద్ద హాల్లో విని మోసపోవద్దు, కుదిరితే ఇంటికి తెప్పించుకుని వినాలి. అసలు ముందు పాతవాటికి కొత్త ఫోమ్ వేయించి చూడొచ్చు, ఖర్చు చాలా తక్కువ.

"రెండేళ్ళు కంప్యూటర్లు చదివి నాకు పాటలు నేర్పుతున్నావా?" అన్నారు నాన్న. ఆయన చెవులు నాకన్నా మంచివే. నా గొడవంతా గదితోనే. మీరేమంటారు?