వినపడటం వేరు, అర్థం కావడం వేరు

కళ్లజోడు పెట్టుకున్న ఆడపిల్లని చూసి ఎవరూ నవ్వరు. పైగా బాగా చదువుకున్నదానిలా ఉందంటారు. అదే చెవిలో మిషను కనిపిస్తే చాలు, "అయ్యో, ఈవిడకి చెముడా!" అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఈ సిగ్గుతోనే చాలామంది ఆడవాళ్లు డాక్టరు దగ్గరికో, దుకాణానికో వెళ్లకుండా గదిలో కూర్చుని సెల్‌ఫోన్‌లో మిషన్లు వెతుక్కుంటున్నారు. వెతకడంలో తప్పేమీ లేదు. మా అత్తయ్యగారి కోసం నేనూ నెల రోజులు వెతికాను. రకాలు తెలిశాయి, ధరలు తెలిశాయి, దుకాణంవాడు ఏదో చెబితే తిరిగి ప్రశ్న వేసే ధైర్యం వచ్చింది. పేచీ అంతా ఆ 'కొనండి' అనే మీట నొక్కేటప్పుడే.

'చెవి మిషను' అని వెతికి చూడండి. ముందుగా కనిపించేవన్నీ వెయ్యి, రెండు వేల రూపాయల సరుకే. పక్కన నవ్వుతున్న ముసలాయన బొమ్మ, కింద నాలుగున్నర చుక్కలు. వాటిలో చాలావాటి వివరాలు చివరిదాకా చదివితే ఎక్కడో చిన్న అక్షరాల్లో 'సౌండ్ యాంప్లిఫయర్' అని ఉంటుంది. అంటే చప్పుడుని పెద్దది చేసే పెట్టె, అంతే. వినికిడి యంత్రం అది కాదు. రెంటికీ తేడా ఏమిటో తెలియాలంటే ముందు చెవుడు ఎలా వస్తుందో తెలియాలి.

వయసు మీద పడ్డాక వచ్చే చెవుడులో అన్ని శబ్దాలూ ఒకేలా తగ్గవు. ముందుగా పోయేవి సన్నని, కీచు శబ్దాలు. మాటల్లో అ, ఆ, ఓ వంటి అచ్చులు బాగానే వినపడతాయి. స, త, ప, క వంటి హల్లులు జారిపోతాయి. 'కత్తి' అంటే 'పత్తి' అనీ, 'పప్పు' అంటే 'తప్పు' అనీ తోస్తుంది. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోందే, కానీ ఏమంటున్నావో తెలియడం లేదు" అంటారు. మనమేమో, "అవసరమైనవన్నీ వినపడతాయి, పని చెబితేనే వినపడదు" అని దెప్పుతాం. ఆవిడ నటించడం లేదు. ఆవిడకి సగం మాటే చేరుతోంది.

సరైన యంత్రం ఏం చేస్తుందంటే, ఆ మనిషికి ఏ శబ్దం ఎంత తగ్గిందో చూసి, తగ్గినదాన్ని తగ్గినంత మేరకే పెంచుతుంది. చప్పుడు ఒక హద్దు దాటకుండా ఆపుతుంది కూడా. వెయ్యి రూపాయల పెట్టెకి ఈ లెక్కేమీ లేదు. మాటతోపాటు మిక్సీనీ, కుక్కరు కూతనీ, ఫ్యాను రొదనీ కూడా ఎత్తి చెవిలో పోస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమని సామెత చెబుతాం కదా, ఈ పెట్టె చేసే పనీ అదే. మితిమీరిన చప్పుడు రోజూ చెవిలో పడితే ఉన్న కాస్త వినికిడీ దెబ్బతినొచ్చు.

మా మరిది బెంగుళూరులో ఉంటాడు. తల్లిమీద ప్రేమకి లోటు లేదు. రెండు వేల చిల్లర పెట్టి ఒకటి తెప్పించి, నేరుగా తెనాలికి పంపించాడు. అత్తయ్యగారు మూడు రోజులు పెట్టుకున్నారు. నాలుగో రోజు, "అమ్మాయ్, ఇది తియ్యమ్మా, ఇల్లంతా ఇసక పోసి రుద్దుతున్నట్టుంది" అన్నారు. వెనక్కి పంపిద్దామంటే, చెవిలో పెట్టుకున్న వస్తువు కనక తీసుకోమన్నారు. ఇప్పుడది బీరువా సొరుగులో ఉంది. ఇక్కడ డబ్బు పోవడం కాదు నన్ను బాధపెట్టింది. "చూశావా, నాకు మిషన్లు పడవు" అని ఆవిడ తేల్చేసుకోవడం. ఆ మాట పట్టుకుని ఇంకో ఏడాదిన్నర ఆవిడ ఏ పరీక్షకీ రానన్నారు. ఆ ఏడాదిన్నరలో పేరంటాలకి వెళ్లడం మానేశారు, ఫోన్ వస్తే నాకిచ్చేసేవారు, మనవలతో మాట కూడా తగ్గిపోయింది. చవక మిషను అసలు ఖరీదు ఇదీ!

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల బృందం 2020లోనూ, మళ్లీ 2024లోనూ, వయసులో వచ్చే మతిమరుపు జబ్బుకి మనం సరిచేసుకోగల కారణాల్లో వినికిడి లోపాన్ని కూడా చేర్చింది. వినపడని మనిషి ఒంటరి అవుతుంది. అర్థం కాని మాటని కూడదీసుకోవడానికే మెదడు అలసిపోతుంది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ముందు పరీక్ష, తరవాతే బేరం. ఆడియోగ్రామ్ అనే ఈ పరీక్షకి నొప్పీ లేదు, సూదీ లేదు. శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి, వినపడినప్పుడల్లా మీట నొక్కమంటారు. చివరికి చేతికిచ్చే కాగితంమీద కుడి చెవికి ఎర్ర సున్నాలూ, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులూ ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 20 డెసిబెల్స్‌లోపు చప్పుడు వినగలిగితే చెవులు మంచివే. 35 నుంచి 50 మధ్య ఉంటే లోపం మధ్యరకం. పైకి పోయేకొద్దీ తీవ్రం. ఈ కాగితం మీ చేతిలో ఉంటే ఏ కంపెనీనైనా, ఏ దుకాణాన్నైనా అడగొచ్చు. అది లేకుండా కొనడమంటే కొలతలివ్వకుండా జాకెట్టు కుట్టించుకోవడమే.

ఫోన్‌లోనే పరీక్ష చేస్తామంటున్నారు కదా అంటారేమో. లోపం ఉందా లేదా అని ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి పనికొస్తుంది. కానీ చెవిలో గులిమి గడ్డకట్టిందో, కర్ణభేరికి చిల్లు పడిందో ఫోన్‌కి కనపడదు. గులిమి తీయించుకుంటే సరిపోయేదానికి మిషను కొనుక్కున్నవాళ్లూ ఉంటారు! చీము కారుతున్నా, కళ్లు తిరుగుతున్నా, ఒక్క చెవే తగ్గినా ముందు ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరికే వెళ్లాలి. రాత్రి బాగున్న చెవి తెల్లారేసరికి వినపడకపోతే మాత్రం రేపు, ఎల్లుండి అనకండి. ఆ పూటే వెళ్లండి.

ఇక వెతకడం గురించి. మీ నంబరు ఎక్కడ పడితే అక్కడ నింపకండి. నింపిన అరగంటకే ఫోన్లు మొదలవుతాయి, "ఈరోజే సగం ధర మేడమ్" అంటూ. పదహారు చానళ్లు, ముప్పై రెండు చానళ్లు, బ్లూటూత్ అని ఊదరగొడతారు. రోజూ మీటింగుల్లో కూర్చునే ఉద్యోగినికీ, ఇంట్లో నలుగురి మధ్య ఉండే డెబ్బై ఏళ్లావిడకీ కావలసినవి ఒకటి కావు. నేనైతే వేళ్లు చూస్తానంటాను. కీళ్లనొప్పులున్న వేళ్లతో పదో నంబరు బ్యాటరీ మార్చడం బియ్యంలో రాయి ఏరడమంత పని. అలాంటివారికి కాస్త పెద్దదైన పదమూడో నంబరుదో, చార్జింగు పెట్టుకునేదో నయం. 'బయటికి కనపడనే కనపడదు' అని అమ్మే బుల్లి మిషన్లు సిగ్గుకి సరిపోతాయి గానీ, తీవ్రమైన చెవుడుకి అన్నిసార్లూ సరిపోవు.

అన్నిటికంటే ముఖ్యం, కొన్నాక సవరించేదెవరు? మొదటి రెండు మూడు నెలల్లో నాలుగైదుసార్లయినా వెళ్లి సరిచేయించుకోవలసి వస్తుంది. గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోందంటే తగ్గించాలి, మనవరాలి గొంతు అందడం లేదంటే పెంచాలి. ఇంటికే మనిషిని పంపి పరీక్ష చేసి అమర్చే కంపెనీలూ ఇప్పుడున్నాయి. మంచిదే. వచ్చినాయన అమ్మకందారా, ఆడియాలజిస్టా అని అడగండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమనండి. నామోషీ పడకండి. దుకాణాల్లోనూ ఇదే అడగాలి, అక్కడ కూర్చున్నవాళ్లంతా చదివినవాళ్లేమీ కాదు. వినికిడి యంత్రంమీద జీఎస్టీ లేదు. బిల్లులో పన్ను కనిపిస్తే ఎందుకు వేశారో అడగండి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు అక్కణ్ణుంచి తెప్పించుకుంటామంటారు. అక్కడ 2022 అక్టోబరు నుంచి డాక్టరు చీటీ లేకుండానే కొన్ని రకాలు అమ్మనిస్తున్నారు. అవి పద్దెనిమిదేళ్లు దాటి, కొద్దిపాటి లేదా మధ్యరకం లోపం ఉన్నవాళ్లకి మాత్రమే. పైగా పాడైతే గుంటూరులో బాగుచేసే దిక్కెవరో చూసుకోవాలి.

కొనలేనివాళ్లకి దారులున్నాయి. హైదరాబాదు కోఠీలోనూ, విశాఖ పెదవాల్తేరులోనూ ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రులున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అరవై దాటిన, ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. 2017లో ఆ పథకం తొలి శిబిరాల్లో ఒకటి మన నెల్లూరులోనే జరిగింది.

కొనగలిగినవాళ్ల సంగతే నాకు బోధపడదు. మా ఇంట్లో పెద్ద టీవీ కొనడానికి పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. అంతకంటే తక్కువే అయ్యే అత్తయ్యగారి రెండు మిషన్లకి మాత్రం మూడు నెలలు తర్జనభర్జన. "ఈ వయసులో ఆవిడకెందుకు, ఆఫీసా, కోర్టా?" అన్నారు. మామయ్యగారి కంటి ఆపరేషనుకి ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. చివరికి నిరుడు దసరాకి ముందు, మా ఊళ్లోనే, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఆడియాలజిస్టు దగ్గర కొన్నాం. ఇప్పటికి ఆరుసార్లు వెళ్లివచ్చారు, చివరి రెండుసార్లూ ఒక్కరే వెళ్లారు. ఎదురింటి మామ్మగారు కూడా మొన్న వచ్చి ఆ దుకాణం ఎక్కడని అడిగారు. వాళ్లబ్బాయికి తెలియకుండా కనుక్కోమన్నారు.